బుజ్జిదాని పండ్ల ప్రాజెక్టు డైరీ: ఆరో నెల నుంచి పదో నెల దాకా

పాపాయికి పండ్లు మొదలుపెడుతున్నాం అనగానే అందరూ అడిగేది ఒకటే, "ముందు ఏ పండు?" అని. నేనూ అదే ప్రశ్నతో మొదలుపెట్టా. ఇన్ని నెలల నోట్స్ ముందేసుకుని చూస్తే ఆ ప్రశ్నకి అంత సీన్ లేదనిపిస్తోంది. ఎంత మెత్తగా ఉంది, ఏ ఆకారంలో కోశాం, ఏ టైమ్‌కి పెట్టాం, పక్కన ఇంకేం పెట్టాం, నా బుర్రంతా వీటితోనే నిండిపోయింది. మా ఆవిడ దీన్ని ప్రాజెక్టు అని వెక్కిరిస్తుంది, సరే ప్రాజెక్టే అనుకోండి. నెలల వారీగా రాసుకున్నదాన్ని కొంచెం సర్ది ఇక్కడ పెడుతున్నా. నేను డాక్టర్ని కాదు. నెలలు నిండకుండా పుట్టిన పిల్లలు, బాగా ఎగ్జిమా ఉన్న పిల్లలు, ఇంతకుముందే ఏదైనా అలర్జీ బయటపడ్డ పిల్లలు అయితే ముందు మీ డాక్టర్‌తో మాట్లాడాకే ఇందులో ఏదైనా వాడండి.

ఆరో నెల నిండకముందు

ఈ దశలో చేసింది ఎదురుచూడటమే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో ఇచ్చిన మార్గదర్శకాల్లో కూడా పై ఆహారం మొదలుపెట్టేది ఆరు నెలలు నిండాకే అని ఉంది. కానీ క్యాలెండర్ ఒక్కటే చూస్తే సరిపోదు. మెడ నిలకడగా నిలబడాలి, కొంచెం ఆసరా ఇస్తే కూర్చోగలగాలి, మనం తింటుంటే ఆశగా చూడాలి, అన్నింటికంటే ముఖ్యంగా నోట్లో పెట్టింది నాలుకతో బయటికి తోసేసే రిఫ్లెక్స్ తగ్గాలి. ఈ చివరిది నాకు ముందు తెలియదు. చాలామంది "మా వాడికి తినడం ఇష్టం లేదు, ఉమ్మేస్తున్నాడు" అంటుంటారు, అది ఇష్టాయిష్టాల సంగతి కాదు, మింగడానికి నాలుక ఇంకా రెడీగా లేదంతే. నాలుగైదు రోజులు ఆగి మళ్లీ చూడటమే మార్గం.

సామాన్లు పెద్దగా ఏం కొనలేదు. నిటారుగా కూర్చోబెట్టే కుర్చీ, మెత్తటి చిన్న స్పూను, బిబ్బులు, ఐస్ ట్రే. వీటితోపాటు ఒక నోట్‌బుక్. అందులో గళ్లు గీశా: పండు, ఎలా చేశాం, టైమ్, ఎంత తింది, మోషన్, చర్మం, ఇతరం. చివరి గడిలో ఎక్కువగా "జుట్టుకి పూసుకుంది" అనే ఉంటుంది.

ఆరు నిండాక: అరటిపండు, ఆ నల్లటి దారాలు

బాగా పండిన అరటిపండుతో మొదలుపెట్టాం, కారణం బద్ధకం. వండక్కర్లేదు, తొక్క తీసి ఫోర్క్‌తో మెదిపి, రోజూ తాగే పాలు కొన్ని కలిపి జారుగా చేస్తే అయిపోతుంది. ఒకటి రెండు స్పూన్లు, అంతే. ఈ వయసులో కడుపు నింపేది పాలే, 6-8 నెలల మధ్య పై ఆహారం నుంచి రావాల్సిన శక్తి రోజుకి సుమారు 200 కిలోక్యాలరీలేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. అందుకే గిన్నె ఖాళీ కాలేదని టెన్షన్ పడటం మానేశాం.

కొత్త పండు ఎప్పుడూ పొద్దున పూటే. రాత్రి పెడితే ఏదైనా తేడా వచ్చినా నిద్రలో గమనించలేం. ఒకసారి ఒకే కొత్త పండు, తర్వాత రెండు మూడు రోజులు ఇంకే కొత్తదీ లేకుండా అదే. పాత పద్ధతిలో మూడు నుంచి ఐదు రోజులు ఆగమనేవాళ్లు, ఇప్పుడు మామూలు పండ్లకి అంత అవసరం లేదని మా డాక్టర్ అన్నారు. ఎంత గ్యాప్ అనేదాని కంటే ఒకేసారి రెండు కొత్తవి కలపకపోవడం ముఖ్యం, లేకపోతే దద్దుర్లు వచ్చినప్పుడు ఎవరిని అనుమానించాలో తెలియదు.

ఇక అసలు విషయం. అరటిపండు మొదలయ్యాక డైపర్‌లో నల్లటి సన్నటి దారాల్లాంటివి కనిపించాయి. చూడగానే ఎవరికైనా పురుగులే గుర్తొస్తాయి, మా ఇంట్లో ఒక పెద్ద మీటింగే జరిగింది. అవి అరటిపండు మధ్యలో ఉండే పీచు, గింజల భాగం, అరిగేటప్పుడు నల్లబడి అలా బయటికి వస్తాయి. ప్రమాదం ఏమీ లేదు. నులిపురుగులైతే తెల్లగా ఉంటాయి, కదులుతాయి. ఈ ఒక్క ముక్క ముందే తెలిసుంటే చాలా ఇళ్లలో ఒక రాత్రి నిద్ర మిగులుతుంది.

అలాంటివే ఇంకొన్ని ఇక్కడే రాసేస్తా. ఎర్ర డ్రాగన్ ఫ్రూట్ పెడితే మోషన్, ఒక్కోసారి మూత్రం కూడా గులాబీ రంగులో వస్తాయి, రక్తం అనుకుని కంగారు పడతాం. బ్లూబెర్రీకి ముదురు రంగు. బొప్పాయి, మామిడి, క్యారెట్ లాంటివి రోజూ ఎక్కువ పెడితే ముక్కు కొన, అరచేతులు పసుపుగా మారొచ్చు, అది కెరోటిన్ రంగు. కామెర్లలో కంటి తెల్లగుడ్డు కూడా పచ్చబడుతుంది, కెరోటిన్‌తో మాత్రం కళ్లు తెల్లగానే ఉంటాయి. అనుమానంగా ఉంటే ఆలోచించకుండా డాక్టర్‌కి చూపించండి.

యాపిల్, పియర్: ఆవిరి మీద

యాపిల్ చూడటానికి అమాయకమైన పండు. పసిపిల్లల విషయంలో పచ్చి యాపిల్ ముక్క నిజంగా ప్రమాదకరం, గట్టిగా ఉంటుంది, చిగుళ్లతో కొరికితే పెచ్చులాగా విరిగి గొంతులోకి పోతుంది. కాబట్టి తొక్క తీసి, మధ్యలో గింజల గూడు మొత్తం తీసేసి, ముక్కలు కోసి ఆవిరి మీద ఉడికించాలి. ఎంతసేపు అని టైమర్ పెట్టడం వల్ల లాభం లేదు, రకాన్ని బట్టి మారుతుంది. ఫోర్క్ గుచ్చితే ఏ అడ్డూ లేకుండా దిగాలి, ఆ తర్వాత బొటనవేలు, చూపుడువేలు మధ్య పెట్టి నొక్కితే మెత్తగా నలిగిపోవాలి. ఈ వేళ్ల పరీక్ష తర్వాత ప్రతి పండుకీ వాడాం. బిడ్డకి పళ్లు లేకపోయినా పర్వాలేదు, వేళ్ల మధ్య నలిగేది చిగుళ్ల మధ్య కూడా నలుగుతుంది.

ఉడికించిన నీళ్లు పారబోయకుండా అందులోనే మెదిపాం. చక్కెర వెయ్యలేదు, ఉప్పు వెయ్యలేదు. పుల్లగా ఉంటే తేనె చుక్క కలపమని ఇంట్లో పెద్దవాళ్ల దగ్గర్నుంచి సలహా వచ్చింది. ఏడాది నిండేదాకా తేనె అస్సలు వద్దు. అందులో క్లోస్ట్రీడియం బోట్యులినమ్ అనే బ్యాక్టీరియా స్పోర్లు ఉండే అవకాశం ఉంది, మనకి ఏం కాదు, కానీ ఏడాదిలోపు పిల్లల పేగుల్లో అవి మొలకెత్తి విషం తయారు చేయగలవు. మరిగిస్తే పోతుందిగా అని మా అత్తయ్య అడిగారు, వంటింటి వేడికి ఆ స్పోర్లు చావవు. ఈ ఒక్క విషయంలో మొహమాటం పెట్టుకోలేదు, ఫ్రిజ్ మీద కాగితం అంటించా.

ఇదే సమయంలో మోషన్ గట్టిపడింది. పై ఆహారం మొదలైన కొత్తలో చాలామంది పిల్లలకి జరిగేదే. సరిగా పండని అరటిపండులో అరగని పిండి పదార్థం ఎక్కువ ఉంటుంది, కాబట్టి అరటి కొన్ని రోజులు పక్కన పెట్టి పియర్‌కి మారాం. పియర్, ప్లమ్, పీచ్, ప్రూన్, వీటిలో సార్బిటాల్ అనే చక్కెర ఉంటుంది, అది పేగుల్లోకి నీటిని లాగి మోషన్‌ని మెత్తబరుస్తుంది. పియర్ గుజ్జు పనిచేసింది. దాంతోపాటు భోజనం టైమ్‌లో కప్పుతో రెండు మూడు గుక్కల నీళ్లు కూడా మొదలుపెట్టాం, ఆరు నెలలు దాటాక అంతవరకు పర్వాలేదు.

ఏడో నెల: ఎర్రబడ్డ మూతి

స్ట్రాబెర్రీ పెట్టిన రోజు నోటి చుట్టూ, గడ్డం మీద ఎర్రగా వచ్చింది. టైమ్ గడిలో రాసుకున్నా, ఫోటో తీశా, మూతి తడిగుడ్డతో తుడిచి కనిపెట్టుకుని కూర్చున్నా. కాసేపటికి తగ్గిపోయింది. పుల్లటి పండ్ల రసం సున్నితమైన చర్మానికి తగిలితే అంతే, నారింజ, కివీ, పైనాపిల్, టమాటాతో కూడా ఇలాగే అవుతుంది. రసం తగిలిన చోటే ఎర్రబడి, బిడ్డ హుషారుగా ఉండి, త్వరగా తగ్గిపోతే చాలావరకు ఒరిపిడి, ఘాటు వల్ల వచ్చినదే. తినిపించే ముందు మూతి చుట్టూ పల్చగా వ్యాజలీన్ రాస్తే బాగా తేడా కనిపించింది.

మామిడికి ఇంకో తిరకాసు. గుజ్జు బాగానే పడుతుంది, తొక్కలో, తొడిమ దగ్గరి జిగురులో చర్మాన్ని మంట పుట్టించే పదార్థం ఉంటుంది. తొక్క ముందే మందంగా తీసి, చేతులు, కత్తి కడిగి, ఆ తర్వాత గుజ్జు కోస్తే సరిపోతుంది. టెంక చేతికిచ్చి చీకమనడం ఫోటోకి బాగుంటుంది గానీ జారిపోతుంది, ఒక కన్ను అక్కడే ఉండాలి.

నిజమైన అలర్జీ వేరేగా ఉంటుంది. రసం తగలని చోట, పొట్ట మీదో వీపు మీదో దద్దుర్లు లేస్తాయి, పెదాలు, కళ్లు వాస్తాయి, వాంతులు, దగ్గు మొదలవుతాయి. సాధారణంగా తిన్న కొద్ది నిమిషాల నుంచి రెండు గంటల్లోపే తెలుస్తుంది. ఊపిరి కష్టమైనా, గురక లాంటి శబ్దం వచ్చినా, బిడ్డ వాలిపోతున్నా వెంటనే అత్యవసర వైద్యమే, ఇంట్లో చూద్దాం అనుకునే పని కాదు. పండ్లలో కివీకి అలర్జీ తెప్పించే అవకాశం కొంచెం ఎక్కువ, అందుకే దాన్ని డాక్టర్ అందుబాటులో ఉండే రోజు పొద్దున, స్పూను కొనతో మొదలుపెట్టాం.

టైమ్ గడి ఎందుకంటే, ఆలస్యంగా వచ్చే రకం కూడా ఒకటుంది. ఎఫ్‌పీఐఈఎస్ అంటారు. తిన్న ఒకటి నుంచి నాలుగు గంటల తర్వాత ఆగకుండా వాంతులు, బిడ్డ పాలిపోయి నీరసపడిపోవడం, దద్దుర్లు మాత్రం ఉండవు. దీన్ని చూసి ఏదో ఇన్‌ఫెక్షన్ అనుకుని వదిలేస్తుంటారు, ఎందుకంటే తిండికీ వాంతికీ మధ్య అంత గ్యాప్ ఉంటే ఎవరికీ తట్టదు. అరుదే, కానీ దీన్ని కలిగించే వాటిలో అరటి, అవకాడో కూడా ఉన్నాయి, మనం "భలే సేఫ్" అనుకునే పండ్లే. పొద్దున తొమ్మిదికి పెట్టిన పండు, పదకొండుకి వచ్చిన వాంతి, రెండూ ఒకే వరసలో రాసి ఉంటే డాక్టర్ పని సగం తగ్గుతుంది.

పుల్లటి పండ్లు, స్ట్రాబెర్రీలు ఏడాది దాకా ఆపితే అలర్జీ రాదన్న మాట ఇంకా వినిపిస్తూనే ఉంది. ఆలస్యం చేస్తే అలర్జీ తప్పుతుందనడానికి ఆధారం లేదు. ముందు పండు రుచి చూపిస్తే ఇక కూరగాయలు ముట్టదు అనే మాటకీ అంతే. తీపి ఇష్టం పుట్టుకతోనే వస్తుంది, మనం అరటిపండుతో నేర్పేదేం లేదు. మా బుజ్జిది పండు తర్వాత క్యారెట్ తింది, చిక్కుడు ఉమ్మింది, మళ్లీ మళ్లీ పెడుతూ పోతే అదీ తింటోంది. కొత్త రుచికి అలవాటు పడటానికి ఎనిమిది పది సార్లు, కొందరికి ఇంకా ఎక్కువే పట్టొచ్చు.

ఎనిమిదో నెల: కత్తి పని

గుజ్జు విసుగొచ్చింది, దానికే. స్పూను లాక్కుని గిన్నెలో చెయ్యి పెట్టేస్తోంది. ఫింగర్ ఫుడ్ టైమ్ వచ్చిందని అర్థమైంది, నా టెన్షన్ కూడా ఇక్కడే మొదలైంది.

ద్రాక్షపండు గురించి కొంచెం ఎక్కువ రాస్తా. గుండ్రంగా, నున్నగా, మెత్తగా ఉంటుంది, పైన తొక్క గట్టిది. ఈ కలయికే ప్రమాదం. చిన్నపిల్లల శ్వాసనాళంలో సీసాకి బిరడా బిగించినట్టు కూర్చుంటుంది, గాలి దూరే సందు ఉండదు, నున్నగా ఉండటంతో బయటికి తియ్యడమూ కష్టమే. అడ్డంగా రెండుగా కోస్తే గుండ్రం అలాగే ఉండిపోతుంది, అందువల్ల లాభం లేదు. నిలువుగా నాలుగు చీలికలు చెయ్యాలి, గింజ తీసెయ్యాలి, మా ఇంట్లో తొక్క కూడా తీశాం. చెర్రీకి పిక్క తీసి నాలుగు ముక్కలు. బ్లూబెర్రీని వేలితో చితకనొక్కి ఇవ్వాలి. అరటిపండు చక్రాల్లా కాకుండా నిలువు పాయలుగా, వేలితో మధ్యలోకి తోస్తే అదే మూడు పాయలుగా విడిపోతుంది. మొదట్లో పెద్దవాళ్ల వేలంత పొడవు ముక్కలు నయం, పిడికిలితో పట్టుకుంటే పైన కొంచెం మిగులుతుంది. తొమ్మిదో నెల దగ్గర్లో రెండు వేళ్లతో ఏరుకోవడం వచ్చాక చిన్న మెత్తటి ముక్కలకి మారాం.

పుచ్చకాయ గింజలు తీసి, పీచు ఎక్కువగా ఉన్న పండ్ల ఈనెలు తీసి, నారింజ తొనల పైన పొర వలిచి లోపలి గుజ్జు మాత్రమే. కిస్మిస్, ఖర్జూరం, ఎండు యాప్రికాట్ ముక్కలు ఇప్పుడే వద్దు, గట్టిగా జిగటగా ఉంటాయి, చిగుళ్లకి అంటుకుంటాయి. దానిమ్మ గింజలు కూడా పక్కన పెట్టాం. జారిపోయే మామిడి, అవకాడో ముక్కలు పట్టు దొరక్క చిరాకు పడుతుంటే వాటి మీద ఓట్స్ పొడి అద్దాం (ఓట్స్ అప్పటికే అలవాటు చేసేశాం), పట్టుకోవడం వచ్చేసింది.

ఓకరింతకీ గొంతుకి అడ్డం పడటానికీ తేడా ఇంట్లో అందరికీ తెలియాలి. ఓకరిస్తే శబ్దం వస్తుంది, మొహం ఎర్రబడుతుంది, దగ్గుతుంది, నాలుక బయటికి వస్తుంది, ముక్క తనే ముందుకి తోసుకుంటుంది. పసిపిల్లల్లో ఆ రిఫ్లెక్స్ నాలుక మీద బాగా ముందుకే ఉంటుంది, అందుకే తరచూ ఓకరిస్తారు. అప్పుడు చేతులు కట్టుకుని కూర్చోవడమే, అది నా వల్ల అయిన పనుల్లో అన్నిటికంటే కష్టమైనది. నిజంగా అడ్డం పడితే శబ్దం ఉండదు. ఏడవలేదు, దగ్గలేదు, పెదాలు నీలంగా మారతాయి. ఏడాదిలోపు బిడ్డకైతే ముంజేతి మీద బోర్లా, తల ఛాతీకంటే కిందికి ఉండేలా, దవడకి ఆసరా ఇస్తూ పట్టుకుని రెండు భుజాల ఎముకల మధ్య అరచేతి మడమతో ఐదు దెబ్బలు, బయటికి రాకపోతే వెల్లకిలా తిప్పి ఛాతీ మధ్యలో ఐదు నొక్కులు, వచ్చేదాకా ఇలా మార్చి మార్చి, ఇంకొకరు ఎమర్జెన్సీకి ఫోన్ చెయ్యాలి. స్పృహ తప్పితే సీపీఆర్. పెద్దవాళ్లకి చేసినట్టు పొట్ట మీద నొక్కకూడదు, కనపడని ముక్క కోసం నోట్లో వేలు పెట్టి కెలకకూడదు, ఇంకా లోపలికి పోతుంది. చదివితే రాదు ఇది, మేమిద్దరం, మా అత్తయ్య ఒక ప్రథమ చికిత్స క్లాసుకి వెళ్లి బొమ్మ మీద చేసి నేర్చుకున్నాం.

కారులో, స్ట్రోలర్‌లో, నేల మీద పాకుతుండగా తినిపించడం బంద్. కుర్చీలో నిటారుగా, ఎదురుగా ఒక మనిషి, ఆ మనిషి చేతిలో ఫోన్ లేకుండా.

తొమ్మిదో నెల: పండు ఒక్కటే పెడితే చాలదు

నోట్‌బుక్ తిరగేస్తుంటే పండ్ల గడులు నిండుగా, మిగతావి పల్చగా కనిపించాయి. పండు తియ్యగా ఉంటుంది, గొడవ లేకుండా తింటుంది, మనకీ హాయి. కానీ పుట్టినప్పుడు ఒంట్లో దాచుకున్న ఇనుము సుమారు ఆరో నెలకి అయిపోవస్తుంది. 7-12 నెలల పిల్లలకి అమెరికాలో సిఫారసు చేసే ఇనుము రోజుకి 11 మిల్లీగ్రాములు, 100 గ్రాముల అరటిపండులో ఉండేది దాదాపు 0.3 మిల్లీగ్రాములు. పండ్లతో ఆ లెక్క ఎప్పటికీ తేలదు. పప్పులు, గుడ్డు, మాంసం, ఐరన్ కలిపిన సీరియల్, ఇవి కావాలి.

పండు ఇక్కడ వేరే పని చేస్తుంది. పప్పులు, ధాన్యాల్లోని ఇనుము ఒంటికి తక్కువ పడుతుంది, అదే భోజనంలో విటమిన్ సి ఉంటే ఎక్కువ పడుతుంది. 100 గ్రాముల కివీలో 90 మిల్లీగ్రాముల పైన, బొప్పాయి, స్ట్రాబెర్రీల్లో 60 దరిదాపుల్లో, నారింజలో 50 పైన విటమిన్ సి ఉంటుంది. కాబట్టి పండుని వేరే టైమ్‌లో చిరుతిండిలా పెట్టడం మానేసి పప్పు పెట్టిన పూటే పక్కన రెండు బొప్పాయి ముక్కలు పెట్టడం మొదలుపెట్టాం. ఈ ప్రాజెక్టులో నాకు బాగా నచ్చిన మార్పు ఇదే, ఖర్చు లేదు, కొత్త వంట లేదు, ఉన్నదాన్ని ఉన్న పూటకి జరిపామంతే. అవకాడోని మాత్రం పండు గడిలోంచి తీసి కొవ్వు గడిలో రాస్తున్నా, 100 గ్రాములకి 15 గ్రాముల దాకా కొవ్వు ఉంటుంది మరి.

కడగడం, దాచడం, జ్యూసు

తొక్క తీసే పండైనా సరే కోసే ముందు పారే నీళ్లలో రుద్ది కడగాలి, లేకపోతే పైన ఉన్నది కత్తితోపాటు లోపలికి వెళ్తుంది. ఖర్బూజాకైతే మరీ ముఖ్యం, గరుకు తొక్క, పైగా గుజ్జులో పులుపు తక్కువ కాబట్టి బ్యాక్టీరియాకి అనుకూలం. కోశాక రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లోకి. సబ్బు, డిటర్జెంట్ వాడకూడదు.

గుజ్జు ఎక్కువ చేసిన రోజు ఐస్ ట్రేలో పోసి గడ్డకట్టాక సంచిలో వేసి తేదీ రాసి పెడతాం. ఫ్రిజ్‌లో అయితే రెండు రోజులే. బిడ్డ స్పూను ముంచిన గిన్నెలో మిగిలింది మళ్లీ దాచకూడదు, ఉమ్మి కలిసింది కాబట్టి త్వరగా పాడవుతుంది, అందుకే కొంచెం కొంచెం వేరే గిన్నెలోకి తీసుకుని పెడతాం. మైక్రోవేవ్‌లో పెడితే ఒకచోట చల్లగా ఒకచోట కాలేలా ఉంటుంది, బాగా కలిపి, మణికట్టు మీద చుక్క వేసి చూసుకోవాలి.

జ్యూసు లేదు, ఇంట్లో తీసినదైనా సరే. అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2001లో ఆరు నెలలలోపు వద్దంది, 2017లో దాన్ని ఏడాదికి పెంచింది, ఏడాది నుంచి మూడేళ్ల దాకా కూడా రోజుకి 120 మిల్లీలీటర్లు దాటొద్దని. పీచు పోతుంది, చక్కెర మిగులుతుంది, పాలకి చోటు తగ్గిపోతుంది. బాటిల్లో పోసి నోట్లో పెట్టుకుని పడుకోనిస్తే కొత్తగా వచ్చే పళ్లు కూడా పుచ్చిపోవచ్చు. చీకే ప్యూరీ పౌచ్‌లు ప్రయాణాల్లో వాడాం, కానీ స్పూనులో పిండి పెట్టాం. మూతి నోట్లో పెట్టి చీకేస్తే నమలడం ఎప్పుడు నేర్చుకుంటుంది?

ఇప్పటి స్థితి, పదో నెల

తినేవి: అరటి, యాపిల్ (ఇంకా ఉడికించే), పియర్, మామిడి, బొప్పాయి, అవకాడో, స్ట్రాబెర్రీ, నారింజ గుజ్జు, నాలుగు చీలికల ద్రాక్ష. బ్లూబెర్రీ చూస్తే మొహం తిప్పేస్తోంది, వారం ఆగి మళ్లీ ప్లేట్‌లో ఒక మూల పెడతా. కివీ పడింది, మూతి ఎర్రబడటం తప్ప ఇంకేం లేదు.

వచ్చే నెల పెండింగ్ పనులు: యాపిల్‌ని ఉడికించకుండా సన్నగా తురిమి ఇచ్చి చూడటం, పీచ్, ప్లమ్ రెండూ విడివిడిగా, గుజ్జు పూర్తిగా మానేసి ముక్కలకి మారడం. ద్రాక్ష నాలుగు చీలికల రూల్ మాత్రం పుట్టినరోజుతో పోదు, ఐదేళ్లు వచ్చేదాకా అంతే. మా అన్నయ్య కొడుక్కి నాలుగేళ్లు, వాడికీ అలాగే కోసి పెడుతుంటే "బాబాయ్, నేను పెద్దోణ్ణి" అని అలుగుతున్నాడు.

ఏడాది చెకప్‌కి నోట్‌బుక్ తీసుకెళ్లి ఇనుము సంగతి, హిమోగ్లోబిన్ టెస్ట్ అవసరమా అన్నది అడగాలి. తర్వాతి ఎంట్రీ దాని మీదే.